వేడి మీద మూసి చల్లారాక పట్టేసిన 6 అంగుళాల స్టీమ్ గేట్ వాల్వు: బలం పెట్టే ముందు చూడాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. హైదరాబాద్ జీడిమెట్లలో బల్క్ డ్రగ్ యూనిట్. బాయిలర్ హెడర్ నుంచి ప్రొడక్షన్ బ్లాకుకి వెళ్లే 6 అంగుళాల స్టీమ్ లైను మీద క్లాస్ 150 (ఒత్తిడి తట్టుకునే తరగతి) కాస్ట్ స్టీల్ గేట్ వాల్వు ఉంది. పని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 10 కేజీలు. శనివారం రాత్రి షట్‌డౌనుకి లైను వేడిగా ఉండగానే గట్టిగా బిగించి మూశారు. సోమవారం పొద్దున తెరవబోతే రావడం లేదు. ఇద్దరు ఫిట్టర్లు వీల్ స్పానర్‌కి మూడడుగుల పైపు తొడిగి లాగితే చక్రం కొంచెం కదిలి ఆగిపోయింది. ఇప్పుడు ఒకరు గ్యాస్ కట్టర్‌తో బాడీ కాల్చమంటున్నారు, ఇంకొకరు ఇంకా పొడుగు పైపు తెమ్మంటున్నారు.

దయచేసి ఆ రెండూ చేయకండి. గేట్ వాల్వు పట్టేసిందంటే అది పట్టుకోగల చోట్లు మూడు: స్పిండిల్ (గేటును ఎత్తి దించే కడ్డీ) థ్రెడ్ తిరిగే యోక్ నట్టు దగ్గర, గ్లాండ్ ప్యాకింగ్ (స్పిండిల్ చుట్టూ స్టీమ్ కారకుండా ఆపే రింగులు) దగ్గర, లోపల గేటు ఆనే సీట్ల మధ్య. ఏ చోట పట్టిందో తేలకుండా పెట్టే బలం మూడింటి మీదా పడుతుంది, వాటిలో బలహీనమైనది విరుగుతుంది. మీరు రాసిన వివరాలను బట్టి మూడో చోటే అనిపిస్తోంది. అయినా ముందు నిర్ధారించుకోండి, పది నిమిషాల పని.

ముందుగా, మామూలుగా ఎంత బలం చాలాలో లెక్క చూడండి. సీటు వ్యాసం 150 మి.మీ. అనుకుంటే వైశాల్యం 177 చదరపు సెంటీమీటర్లు. బాయిలర్ వైపు 10 కేజీలు, బ్లాకు వైపు సున్నా ఉంటే గేటును సీటుకి అదుముతున్న బరువు 1,770 కిలోలు. ఘర్షణ గుణకం 0.3 వేసుకుంటే గేటు జరగడానికి 530 కిలోల లాగుడు కావాలి. స్పిండిల్ 32 మి.మీ., పిచ్ 6 మి.మీ. అయితే, గ్రీజు ఉన్న థ్రెడ్ మీద ఆ లాగుడుకి 17 న్యూటన్ మీటర్ల టార్కు చాలు. థ్రెడ్ ఎండి తుప్పు పట్టి ఉంటే అదే పనికి 33 దాకా పోతుంది. గ్లాండ్ రాపిడి, సీటు నుంచి మొదట ఊడి రావడానికి పట్టే అదనపు బలం దీనికి కలుస్తాయి. 350 మి.మీ. చక్రాన్ని ఒక మనిషి రెండు చేతులతో చెరో 20 కిలోలు లాగితే 69 న్యూటన్ మీటర్లు వస్తాయి. అంటే బాగున్న వాల్వు ఒక మనిషి చేతులకే రావాలి.

ఇప్పుడు పైపు సంగతి. చక్రం మధ్య నుంచి 0.9 మీటర్ల దూరంలో 50 కిలోల బలంతో లాగితే 440 న్యూటన్ మీటర్లు. థ్రెడ్ శుభ్రంగా ఉంటే స్పిండిల్ మీద పడే లాగుడు 14 టన్నులు, ఎండిన థ్రెడ్ అయినా 7 టన్నులు. ఆ సైజు 13 శాతం క్రోమియం స్పిండిల్‌ని సాగే హద్దు దగ్గరకు తీసుకుపోయే బలం అది. స్పిండిల్ నిలిచినా, దాని అడుగున గేటును పట్టుకునే టీ తల గానీ, గేటులోని గాడి అంచులు గానీ తెగుతాయి. అప్పుడు చక్రం హాయిగా తిరుగుతుంది, స్పిండిల్ పైకి వస్తుంది, గేటు మాత్రం మూసిన చోటే ఉండిపోతుంది. బయట చూసేవాళ్లకి వాల్వు తెరిచినట్టే ఉంటుంది. పట్టేసిన వాల్వు కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం.

కాబట్టి మొదటి పని మార్కు పరీక్ష. స్పిండిల్ మీద, యోక్ నట్టు పై అంచుకి సరిగ్గా ఆనించి, పెయింట్ మార్కర్‌తో సన్నని అడ్డగీత గీయండి. చక్రం అంచు మీద ఒక గీత, దానికి ఎదురుగా యోక్ మీద ఒక గీత పెట్టండి. పైపు తీసేసి ఒట్టి చేతులతో తెరిచే దిశలో లాగండి. చక్రం అసలు కదలకపోతే యోక్ నట్టు, దాని బేరింగు, స్పిండిల్ థ్రెడ్ అనుమానించాలి. చక్రం కొంచెం తిరిగి, స్పిండిల్ మీది గీత ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి వచ్చి, గోడకి తగిలినట్టు ఆగిపోతే టీ తలకీ గేటుకీ మధ్య ఉండే ఖాళీ అయిపోయిందని, గేటు సీట్లలో ఇరుక్కుందని అర్థం. గోడకి తగిలినట్టు కాకుండా బంకలో లాగుతున్నట్టు మెల్లగా బరువెక్కి, వదిలేసరికి కొంచెం వెనక్కి వస్తే గ్లాండ్ పట్టేసినట్టు. చక్రం తిరుగుతూనే ఉండి స్పిండిల్ గీత కదలకపోతే యోక్ నట్టు థ్రెడ్ అరిగిపోయింది, లేదా చక్రాన్ని యోక్ నట్టుకి పట్టి ఉంచే కీ తెగింది. స్పిండిల్ బాగా పైకి వచ్చినా బ్లాకు వైపు ప్రెషర్ గేజి లేవకపోతే గేటు ఊడిందనే అనుకోండి.

మీవాళ్లు ఇప్పటికే పైపు వేసి లాగారు కనక ఇంకో రెండు చూడండి. స్పిండిల్ పక్కన స్టీలు స్కేలు ఆనించి వంగిందేమో చూడండి. యోక్ (యోక్ నట్టును మోసే చట్రం) కాళ్లు బోనెట్‌ని (వాల్వు పై మూతని) కలిసే మూలల్లో పెయింటు పగిలిందేమో టార్చి వేసి చూడండి. పెయింటు చిట్లి ఉంటే కింద పగులు ఉండొచ్చు. అక్కడ డై పెనిట్రెంట్ పరీక్ష (రంగు ద్రవం పూసి పగుళ్లు చూడటం) చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

గేటు ఎందుకు ఇరుక్కుంది? లైను 10 కేజీల దగ్గర ఉన్నప్పుడు స్టీమ్ వేడి 184 డిగ్రీలు. ఆ వేడి మీద గేటును గట్టిగా దించారు. తర్వాత లైను చల్లారింది. మందపాటి బాడీ, లోపలి గేటు, సీటు రింగులు ఒకే వేగంతో చల్లారవు, ఒకే కొలతలో కుంచించుకోవు. 100 మి.మీ. కార్బన్ స్టీలు 100 డిగ్రీలు చల్లారితే 0.12 మి.మీ. తగ్గుతుంది. చూడ్డానికి చిన్న కొలతే, కానీ గేటు వాలుగా ఉండే చీలిక ఆకారం కనక ఆ తేడా చాలు, రెండు సీట్లు దాన్ని పట్టకారులా బిగించేస్తాయి. దీనికి తోడు చల్లారే పైపు ఫ్లాంజీలను లాగుతుంది, ఆ బలం కూడా బాడీని సీట్ల దగ్గర కొద్దిగా వంచుతుంది. లైన్లో ఎక్స్‌పాన్షన్ లూపు (పైపు సాగినా కుంచించుకున్నా సర్దుకునే వంపు) దూరంగా ఉన్నా, గైడు సపోర్టులు తుప్పు పట్టి పైపును జరగనివ్వకపోయినా ఇది ఎక్కువవుతుంది. ఈ సమస్యని థర్మల్ బైండింగ్ అంటారు. అణు విద్యుత్ కేంద్రాల్లోని పవర్‌తో నడిచే గేట్ వాల్వుల్లో ఇది ఎంత ముఖ్యమంటే, 1995లో అమెరికా అణు నియంత్రణ సంస్థ దీని గురించి, ప్రెషర్ లాకింగ్ గురించి కలిపి కేంద్రాలన్నిటికీ లేఖ పంపింది.

ప్రెషర్ లాకింగ్ వేరే జబ్బు. గేటుకి రెండు వైపులా సీటు ఉంటుంది కదా, మధ్యలో బోనెట్ కింద ఉండే గదిలో నీళ్లు చిక్కుకుని, వాల్వు మళ్లీ వేడెక్కితే ఆ నీళ్లకి వ్యాకోచించే చోటు ఉండదు. లోపలి ఒత్తిడి లైను ఒత్తిడిని ఎన్నో రెట్లు దాటిపోయి గేటును రెండు సీట్లకీ ఒకేసారి అదుముతుంది. పూర్తిగా నీళ్లతో నిండి మూసుకున్న గదిని బయట నుంచి గ్యాస్ మంటతో కాల్చడం ఎందుకు వద్దన్నానో దీన్ని బట్టే తెలుస్తుంది. బోనెట్ గ్యాస్కెట్ పేలిపోవచ్చు, ఎదురుగా మనిషి ఉంటాడు. పైగా మీది సాల్వెంట్లు వాడే బ్లాకు. పక్కన డ్రెయిన్ కాలవలో టోలిన్ ఆవిరి ఉందో లేదో మంటకి తెలియదు.

ఇక విడిపించడం. ఇందులో రెండు దశలున్నాయి, వాటిని కలపకండి. లైన్లో స్టీమ్ ఉండగా చేయగలిగింది ఒక్కటే, చక్రాన్ని చేతులతో, మహా అయితే పైపు లేని వీల్ స్పానర్‌తో, తిప్పడం. గ్లాండ్ నట్లు వదలడం, సుత్తితో కొట్టడం, బోనెట్ బోల్టులు ముట్టుకోవడం ఇవన్నీ ఒత్తిడి సున్నా అయ్యాకే.

మీ వాల్వు విషయంలో ముందు స్టీమ్‌తోనే ప్రయత్నించడం మంచిది, ఎందుకంటే వాల్వును పట్టేసిన వేడి స్థితికి దగ్గరగా తీసుకెళ్తే సీట్ల పట్టు సడలుతుంది. అయితే 10 కేజీల మీద వద్దు. బాయిలర్ ఒత్తిడి దింపి 2 కేజీల దగ్గర నిలపండి. ఆ ఒత్తిడిలో స్టీమ్ వేడి ఇంకా 133 డిగ్రీలు ఉంటుంది, అంటే వాల్వును వేడి చేసే శక్తి చాలావరకు అలాగే ఉంది. గేటు మీద బరువు మాత్రం 1,770 కిలోల నుంచి 354 కిలోలకి పడిపోతుంది. వేడి దక్కుతుంది, భారం అయిదో వంతు అవుతుంది. మీ దగ్గర వాల్వు పక్క నుంచి వెళ్లే 20 గానీ 25 ఎన్‌బీ (మి.మీ.లో పైపు సైజు) బైపాస్ లైను ఉంటే ఇంకా మేలు, దాన్ని మెల్లగా తెరిచి బ్లాకు వైపు కూడా వేడెక్కించి, రెండు వైపులా ఒత్తిడి సమం చేయండి.

దానికి ముందు నీళ్లు తీయాలి. మూసిన వాల్వు ముందు రాత్రంతా కండెన్సేట్ (స్టీమ్ చల్లారి అయిన నీళ్లు) చేరి ఉంటుంది. వాల్వుకి బాయిలర్ వైపున డ్రెయిన్ పాకెట్ ఉంటే దాని వాల్వు తెరిచి, నీళ్లు ఆగి పొడి స్టీమ్ వచ్చేదాకా వదలండి. అక్కడ డ్రెయినే లేకపోతే, లేదా అడుగున మట్టి పట్టి మూసుకుపోయి ఉంటే, ఈ ప్రయత్నం ఆపేసి ఆ పని ముందు చేయించండి. తెరుచుకున్న క్షణంలో ఆ నీళ్ల ముద్ద స్టీమ్ వేగంతో వెళ్లి మొదటి బెండుని కొడుతుంది. పట్టేసిన వాల్వు విరగడం వల్ల కన్నా, అది హఠాత్తుగా తెరుచుకున్నప్పుడు వచ్చే వాటర్ హ్యామర్ వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది.

వాల్వు మీద ఇన్సులేషన్ పెట్టె ఉంటే ఉంచండి. 2 కేజీల స్టీమ్ మీద అరగంట నుంచి ముప్పావు గంట నానబెట్టండి. బాడీ మీద సీటు ఉన్న చోట ఒక సందు తీసి కాంటాక్ట్ థర్మామీటరుతో చూస్తే 110 డిగ్రీలు దాటాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ను వెండి రంగు పెయింటు మీద తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. ఈలోపు స్పిండిల్ థ్రెడ్‌ని పొడి వైర్ బ్రష్‌తో తోమి, యోక్ నట్టు గ్రీజు నిప్పిల్‌లోకి వేడికి తట్టుకునే గ్రీజు కొట్టండి. పాత గ్రీజు గట్టిపడి ఉంటే కొత్తది లోపలికి పోదు, నిప్పిల్ విప్పి సన్నని తీగతో దారి తీయండి. వేడి లోహం మీద డబ్ల్యూడీ-40 గానీ కిరోసిన్ గానీ కొట్టొద్దు. అవి మండే సరుకులు, తుప్పు వదిలే నూనెలు చల్లని లోహానికే.

తర్వాత చక్రం ముఖాన నిలబడకుండా పక్కన నిలబడి, చేతి తొడుగులు, ముఖానికి షీల్డు వేసుకుని, చేతులతో లాగండి. చేతులు చాలకపోతే చక్రానికి సరిపడే వీల్ స్పానర్ ఒక్కటి, పైపు లేకుండా. లాగి పది సెకన్లు పట్టి ఉంచండి, వదలండి, మళ్లీ. కుదుపుతో లాగడం కన్నా పట్టి ఉంచడం బాగా పనిచేస్తుంది. థ్రెడ్‌లోనో గ్లాండ్‌లోనో పట్టిన వాల్వుని ముందుకీ వెనక్కీ ఆడించి వదిలిస్తాం కదా, ఇక్కడ అలా చేయకండి. మూసే వైపు ప్రతి తోపుడూ చీలికను ఇంకా లోపలికి దించుతుంది.

కదిలిందనుకోండి. పావు చుట్టు చాలు, అక్కడ ఆపండి. బ్లాకు వైపు అన్ని డ్రెయిన్లూ, స్టీమ్ ట్రాపుల (నీళ్లు మాత్రమే వదిలే పరికరాల) బైపాస్‌లూ ముందే తెరిచి ఉండాలి. 6 అంగుళాల షెడ్యూల్ 40 పైపు మీటరు 28 కిలోలు. దాన్ని 30 డిగ్రీల నుంచి 184కి తీసుకెళ్లడానికి మీటరుకి సుమారు ఒక కిలో స్టీమ్ నీరవుతుంది. మీ లైను 40 మీటర్లయితే 40 లీటర్ల నీళ్లు బయటికి పోవాలి, అది కూడా ఫ్లాంజీలు, వాల్వుల ఇనుము లెక్కలోకి తీసుకోకుండా. అందుకే చివరి డ్రెయిన్ నుంచి పొడి స్టీమ్ వచ్చేదాకా పావు చుట్టు మీదే ఉంచాలి. ప్రొడక్షన్ వాళ్లు రియాక్టర్ వేడి కావాలని తొందరపెడతారు. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే బ్యాచ్ ఏమీ పాడవదు, బెండు దగ్గర వెల్డు పగిలితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. షిఫ్టు ఇన్‌చార్జికి ముందే చెప్పి పెట్టండి.

రెండు మూడు విడతలు ఇలా చేసినా కదలకపోతే లైను విడదీయాలి. హెడర్ మీది ఐసొలేషన్ వాల్వు మూసి, తాళం వేసి, ట్యాగు కట్టి, తాళం చెవి పర్మిట్ పుచ్చుకున్న ఫిట్టరు జేబులో ఉండాలి. గేజి సున్నా చూపించడం ఒక్కటే సాక్ష్యం కాదు, సైఫన్ (గేజి కింది వంపు గొట్టం) మూసుకుపోతే గేజి అలాగే ఉండిపోతుంది. డ్రెయిన్ వాల్వు తెరిచి, అందులోంచి ఏమీ రావడం లేదని, అది మూసుకుపోయి లేదని తీగ పెట్టి చూసుకోవాలి. ఐసొలేషన్ వాల్వు పాసింగ్ (మూసినా లోపల లీకవడం) ఉంటే డ్రెయిన్ నుంచి సన్నగా ఆవిరి వస్తూనే ఉంటుంది. అలా ఉంటే బాయిలర్ ఆపి చేయాల్సిన పని అది, సర్దుకుపోయే విషయం కాదు. బోనెట్ కింద రెండు సీట్ల మధ్య గదిలో ఒత్తిడి మిగిలి ఉండొచ్చు, బాడీ డ్రెయిన్ ప్లగ్ ఉంటే దాన్ని ఒక్కో థ్రెడ్‌గా వదలండి, పక్క నుంచి.

ఇప్పుడు గ్లాండ్. స్పిండిల్ చుట్టూ గ్లాండ్ ఫాలోయర్ (ప్యాకింగ్‌ని అదిమే ముక్క) సందులో ఫీలర్ గేజి పెట్టి నాలుగు వైపులా చూడండి. ఒక వైపు 0.5, ఎదురు వైపు సున్నా ఉంటే ఫాలోయర్ వాలిపోయి స్పిండిల్‌ని గీరుతోంది. గ్లాండ్ నుంచి స్టీమ్ కారినప్పుడల్లా అందిన ఒక్క నట్టే బిగించేవాళ్ల వల్ల ఇలా అవుతుంది. రెండు నట్లూ సమానంగా, అర చుట్టు చొప్పున వదిలి మళ్లీ మార్కు పరీక్ష చేయండి. ప్యాకింగ్ రాయిలా గట్టిపడి ఉంటే ప్యాకింగ్ కొక్కెంతో తీసేసి కొత్త గ్రాఫైట్ రింగులు వేయాలి. సైజు కోసం అంచనాలు వద్దు: స్టఫింగ్ బాక్స్ లోపలి వ్యాసం నుంచి స్పిండిల్ వ్యాసం తీసేసి రెండుతో భాగించండి. 48 నుంచి 32 తీస్తే 16, అంటే 8 మి.మీ. ప్యాకింగ్. రింగు చివరలు 45 డిగ్రీల వాలుగా కోసి, ఒక్కో రింగు అతుకు కింది రింగు అతుక్కి 90 డిగ్రీల దూరంలో పడేలా, ఒక్కొక్కటిగా అదుముతూ దించాలి. పాత యూనిట్లలో ఆస్బెస్టాస్ ప్యాకింగ్ ఇంకా దొరుకుతుంది. బూడిద తెల్లని పీచు కనిపిస్తే తడిపి, మాస్కు వేసుకుని తీయండి, ఎయిర్ లైనుతో ఊదకండి.

గేటే ఇరుక్కుంటే, లైను చల్లగా, ఖాళీగా, డ్రెయిన్ తెరిచి ఉన్నప్పుడు బాడీని బయట నుంచి సమంగా వేడి చేయవచ్చు. ఎలక్ట్రిక్ హీటింగ్ ప్యాడ్లు గానీ ఇండక్షన్ హీటర్ గానీ సీట్లున్న నడుము చుట్టూ చుట్టి, బాడీ 120 నుంచి 150 డిగ్రీలకి రాగానే లాగండి. గేటు ఇంకా చల్లగా ఉండగా బాడీ పెరగాలి, ఇందులో కీలకం అదే. గంటలకొద్దీ వేడి చేస్తే గేటు కూడా వేడెక్కి లాభం పోతుంది. ఆ బ్లాకులో ఎలక్ట్రిక్ హీటర్ పెట్టాలన్నా హాట్ వర్క్ పర్మిట్, గ్యాస్ పరీక్ష తప్పనిసరి. లాగుతూ ఉండగా ఇంకొకరు రెండు కిలోల ఇత్తడి సుత్తితో బాడీ పక్కల, సీటు రింగు ఎత్తున, తట్టాలి. కొట్టడం కాదు, తట్టడం, కంపనం కోసం. స్పిండిల్ తల మీద, చక్రం మీద, బోనెట్ బోల్టుల మీద దెబ్బ పడకూడదు. బాడీ మీద ఉబ్బెత్తు పోత అక్షరాల్లో డబ్ల్యూసీబీ (కాస్ట్ కార్బన్ స్టీలు గ్రేడు) అని ఉంటేనే ఈ తట్టుడు. కాస్ట్ ఐరన్ బాడీ అయితే సుత్తి అసలు వద్దు, చెప్పకుండా పగులుతుంది.

అప్పటికీ రాకపోతే బోనెట్ విప్పాలి. బాడీ, బోనెట్ మీద కలిసేలా పంచ్ గుర్తులు పెట్టండి. చైన్ బ్లాకు తగిలించి బరువు పట్టాక, మీకు దూరంగా ఉన్న నట్లు ముందు వదలండి, కానీ పూర్తిగా తీయకండి. గ్యాస్కెట్ విడిపోయి లోపల మిగిలింది అవతలి వైపు పోయాక మిగతావి. గేటు బయటికి వచ్చాక చూడాల్సినవి: టీ తల మెడ దగ్గర సన్నని పగులు, గేటు గాడి పెదవులు విచ్చుకున్నాయా, గైడు రైళ్ల మీద గీతలు, సీటు ముఖాల మీద స్టీమ్ కోసిన సన్నని కాలువలు. ఆ కాలువలు సాధారణంగా గేటును సగం తెరిచి ఫ్లో అదుపు చేయడం వల్ల వస్తాయి. చిన్న గీతలైతే 220 కార్బొరండం పేస్టుతో మొదలుపెట్టి 400తో ముగించి ల్యాపింగ్ చేసి (రాపిడితో నునుపు చేసి), ప్రష్యన్ బ్లూ (ఎక్కడ ఆనుతోందో చూపే నీలి రంగు) పూసి చుట్టూ తెగని పట్టీ వస్తోందో లేదో చూసుకోండి. పట్టీ ఒక్క చోట తెగినా పాసింగ్ తప్పదు. గ్యాస్కెట్ కొత్త గ్రాఫైట్ స్పైరల్ వూండ్ వేయండి, పాతది తిరిగి వాడొద్దు. బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో: 30 శాతం, 60 శాతం, పూర్తి టార్కు.

బెంచ్ మీద పరీక్ష ఏపీఐ 598 (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వాల్వు పరీక్షల ప్రమాణం) ప్రకారం. క్లాస్ 150 డబ్ల్యూసీబీకి షెల్ పరీక్ష సుమారు 31 కేజీల నీటి ఒత్తిడి, సీటు పరీక్ష సుమారు 22 కేజీలు, 6 అంగుళాల సైజుకి ఒక్కోటి కనీసం 60 సెకన్లు. ఆ తర్వాత 4 నుంచి 7 కేజీల గాలితో రెండు వైపులా సీటు పరీక్ష. నీటి పరీక్షలో గేటు రెండు వైపులా నీళ్లు నిండి ఉంటాయి కనక, అయ్యాక బాడీని వంచి పూర్తిగా ఖాళీ చేయండి. మధ్య గదిలో మిగిలిన నీళ్లే మొదటి వేడికి ప్రెషర్ లాకింగ్ తెస్తాయి.

మార్చాల్సి వస్తే ఒక హెచ్చరిక. ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 3.5 కేజీలు దాటే స్టీమ్ పైపు ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికి వస్తుంది, దాని మీది వాల్వుకి ఫారం 3-సి సర్టిఫికెట్ ఉండాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ సైజు వాల్వయినా సాయంత్రానికి దొరుకుతుంది. రంగు వేసిన పాత సరుకు కూడా అక్కడే దొరుకుతుంది. డబ్బు కట్టే ముందు బాడీ మీది పోత నంబరు, ఫారం మీది నంబరు ఒకటేనా చూడండి. కాయితం ఉందంటే చాలదు, ఆ కాయితం ఆ వాల్వుదే కావాలి. స్పిండిల్ ఒక్కటే పోయి ఉంటే బాలానగర్ వర్క్‌షాపుల్లో ఎస్ఎస్ 410 (13 శాతం క్రోమియం స్టీలు) కడ్డీతో చేయిస్తారు, కానీ కడ్డీకి మెటీరియల్ సర్టిఫికెట్ అడగండి, టీ తలని వెల్డు చేసి అతికించనివ్వకండి. బాడీకి వెల్డు రిపేరు మాట బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌ని అడగకుండా అసలు తలపెట్టొద్దు.

ఇతర లైన్ల గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. కూలింగ్ వాటర్ లైన్లలో బోరు నీళ్ల తెల్ల గార గైడులకి పట్టి స్లూయిస్ వాల్వులు ఆగిపోతాయి. అక్కడ ముందుకీ వెనక్కీ ఆడించడమే మందు, ఎప్పుడూ పావు చుట్టుకి మించకుండా. సాల్వెంట్ లైను బాల్ వాల్వులో ప్రొడక్టు గడ్డకట్టి ఉంటే లీవరుకి పైపు వేయకండి, వేడి నీళ్లు బయట పోసి కరిగించండి. పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సీట్లకి మంట తగలకూడదు. ఆక్సిజన్ లైను వాల్వుకి మాత్రం గ్రీజు గానీ నూనె గానీ ఒక్క చుక్క కూడా పెట్టొద్దు, పాత గ్రీజు మరక ఉన్న స్పానర్ కూడా వాడొద్దు. ఆక్సిజన్‌లో నూనె దానంతట అదే అంటుకుని పేలుతుంది.

మళ్లీ ఇలా కాకుండా మీ ఆపరేటర్లకి రెండు పద్ధతులు నేర్పండి. వేడి మీద మూసేటప్పుడు చేతులతో ఆగిన చోట ఆపాలి, స్పానర్‌తో చివరి బిగింపు వద్దు. లైను చల్లారే మొదటి రెండు మూడు గంటల్లో, లోపలి ఒత్తిడి దిగాక, ప్రతి గంటకోసారి పావు చుట్టు వదిలి మళ్లీ చేతి బిగువుకి తేవాలి. ఈ రెండోది చేయాలంటే బ్లాకులో ఎవరూ లైను విప్పి పని చేయకూడదు. పర్మిట్ ఉన్న రోజున ఆ వాల్వుకి తాళమే, అప్పుడు పట్టేస్తే పైన చెప్పిన 2 కేజీల పద్ధతి. ఇక పూర్తిగా తెరిచేటప్పుడు బ్యాక్ సీటుకి (పూర్తిగా తెరిచినప్పుడు స్పిండిల్ పైన ఆనే సీటుకి) కొట్టి వదిలేయకుండా అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచాలి. తెరిచి ఉన్న వాల్వు పట్టేయడంలో చాలావరకు కారణం ఇదే, పైగా తెరిచే ఉన్నదాన్ని ఇంకా తెరవబోయి స్పిండిల్ తెంపిన సందర్భాలు తక్కువేం కాదు.

కొత్త వాల్వు ఆర్డరు పెడితే సాలిడ్ వెడ్జ్ కాకుండా ఫ్లెక్సిబుల్ వెడ్జ్ అడగండి, మధ్యలో గాడి ఉండటం వల్ల సీట్లు నొక్కినా అది కొంచెం వంగి సర్దుకుంటుంది. బడ్జెట్టు అనుమతిస్తే పారలల్ స్లైడ్ వాల్వు ఇంకా మంచిది, అందులో చీలిక ఆకారమే ఉండదు కాబట్టి ఈ రకం పట్టు దాదాపు రాదు. క్లాస్ 150 డబ్ల్యూసీబీ 200 డిగ్రీల దగ్గర 13.8 బార్ దాకా తట్టుకుంటుంది, మీ 10 కేజీలకి సరిపోతుంది. ఆర్డరులో 20 ఎన్‌బీ బైపాస్, బాడీ డ్రెయిన్ ప్లగ్, యోక్ మీద గ్రీజు నిప్పిల్, ఫారం 3-సి, ఈ నాలుగూ విడివిడిగా రాయించండి. రాయకపోతే ఇవ్వరు, బిగించాక పెట్టించుకోవడం కుదరదు.